‘కనపడలేదు’ అనే మాటకు మేడమ్ చెప్పిన అర్థం

మేడమ్ పోయారని మంగళవారం ఉదయం ఏడున్నరకు మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం వచ్చింది. నిమిషంలో దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసకట్టాయి. నేను జోడించలేదు. ఇదే గ్రూపు రెండేళ్ల క్రితం మా వీధి చివర ఉండే రిటైర్డ్ తహసీల్దారుకు నివాళులర్పించింది. పాపం ఆయన అదే గ్రూపులోకి వచ్చి ‘నేనింకా ఉన్నాను’ అని రాసుకోవాల్సి వచ్చింది. ఆ రోజు అందరికంటే గట్టిగా తిట్టింది మేడమే. కాబట్టి చొక్కా తగిలించుకుని, నాలుగిళ్ల అవతల ఉన్న ఆమె ఇంటికి నడిచి వెళ్లాను.

గేటు తీసే ఉంది. మేడమ్ చెల్లెలు వసారాలో నిలబడి ఉన్నారు. ఎన్ని గంటలకు అని అడిగాను.

“అయిదున్నరకు లేసి కాఫీ కలుపుకునింది, పడుకోనే గిన్నెల సప్పుడు ఇన్నా. ఆరుకు నేను లేసి సూస్తే కుర్చీలో అట్నే ఉండాది.”

“డాక్టరు వచ్చి చూశారా?”

“సూసినాడప్పా. గుండె అన్నాడు.” ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు చూశారు. “వచ్చినోళ్లంతా అయ్యో అయ్యో అంటా ఉండారు. టైము అడిగింది నువ్వొక్కడివే. మా అక్క వినింటే సంతోషపడేది.”

మేడమ్ వైద్య కళాశాలలో అనాటమీ చెప్పి రిటైరైన ఉపాధ్యాయురాలు. అందులోనూ ఆమెకు ఇష్టమైన భాగం పిండశాస్త్రం. తల్లి కడుపులో మనిషి ఏ వారంలో ఏ ముక్కగా తయారవుతాడో చెప్పే శాస్త్రం. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లలో ఆమె పాఠం విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆమె దగ్గర చదువుకోలేదు. నేను విలేకరిని. నాకూ ఆమెకూ పరిచయం ఒక తప్పుతో మొదలైంది. ఆ తప్పు నాది.

చాలా ఏళ్ల క్రితం ఒక వార్తలో, మూడో నెల పిండానికి ఇంకా అవయవాలేవీ ఏర్పడవు అని రాశాను. మర్నాడు మా గేటుకున్న ఉత్తరాల డబ్బాలో ఆ వార్త కత్తిరింపు పడి ఉంది. ఆ వాక్యం చుట్టూ ఎర్ర సున్నా. పక్కన రెండే మాటలు: ‘ఎవరు చెప్పారు?’ కింద ఇంటి నంబరు. కోపంగానే వెళ్లాను.

“నువ్వేనా? కూర్చో. ఎవురు చెప్పినారు?”

“అందరూ అనేదే కదా మేడమ్.”

“అందురూ అంటే ఎవురప్పా? అడ్రసు చెప్పు, పోయి అడుగుతా.”

ఆ రోజు నుంచి ఆ డబ్బాలో కత్తిరింపులు పడుతూనే ఉండేవి. ఆమె పేపరు తెప్పించుకునేది తప్పులు పట్టడానికేనని వీధిలో అనుకునేవారు. అది అబద్ధం కాదు. ఆమె దేన్నీ మాట మీద నమ్మేవారు కాదు. గ్యాస్ సిలిండర్ వస్తే వసారాలో వేలాడదీసిన కాటాకు తగిలించి తూచందే లోపలికి రానిచ్చేవారు కాదు. మాత్రల అట్ట మీద తేదీని భూతద్దంతో చదివేవారు. పుత్తూరు బస్సు ఎన్నింటికి అని ఒకరిని అడిగి, పది అడుగులు నడిచి, అదే మాట ఇంకొకరిని అడిగేవారు. చిత్రమేమిటంటే, ఇంత అనుమానం పెట్టుకుని ఆమె ఎవరినీ దొంగ అనగా నేను వినలేదు. అనుమానం వేరు, ఆరోపణ వేరు అని నాకు ఆమె వల్లే తెలిసింది. అది తెలియడానికి ఒక మనిషి కిడ్నీ కనపడకుండా పోవాల్సి వచ్చింది.

ఆ మనిషి పేరు మునిరత్నం. వడమాలపేట దగ్గర పల్లె. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లోడింగ్ పని. ఒక మధ్యాహ్నం స్కాన్ కవరును చొక్కా లోపల దాచుకుని మా ఆఫీసుకు వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “సార్, నా కిడ్నీ కనపడలేదంట.”

ఎడమ పక్క నొప్పి వస్తే తిరుపతిలో స్కాన్ తీయించుకున్నాడు. ఎడమ కిడ్నీలో చిన్న రాయి ఉంది. అది మందులతో పోయేదే. దాని పై వరుసలో మాత్రం, కుడి కిడ్నీ కనపడలేదు అన్న అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం ఉంది. స్కాన్ సెంటర్ అమ్మాయి అదే చెప్పింది: కనపడలేదు. బస్సు దిగి ఇంటికి వెళ్లిన మునిరత్నం తన తల్లితో, “కుడి కిడ్నీ లేదంట మా” అన్నాడు. సాయంత్రానికి టీ అంగడి దగ్గర ఆ మాట “ఎత్తేసినారంట” అయింది. తిరుపతి నుంచి వడమాలపేటకు బస్సు ప్రయాణం ఎంతో లేదు. ఆ కాస్త దూరంలోనే ఒక మాట మూడు మాటలైంది.

ఎత్తేశారు అన్నాక ఎత్తినవాడు ఉండాలి. మునిరత్నానికి అయిదేళ్ల ముందు ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. కడుపు మీద కుడివైపు కింద కుట్ల మచ్చ ఉంది. చొక్కా ఎత్తి నాకు చూపించాడు. “మత్తిచ్చినారు సార్. లోపల ఏం తీసినారో నాకేం తెల్సు?”

ఊరికి ఇంకో అనుమానం ఉంది. ఆపరేషన్ తర్వాత అతను చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లి కొన్ని నెలలు ఉండి వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక పాత బైకు తెచ్చుకున్నాడు. ఆ బైకు ఎలా వచ్చిందో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు ఊరు ఆ బైకునూ కిడ్నీనీ కలిపింది. అతని భార్య కోమల కూడా కలిపింది. పిల్లలిద్దరినీ తీసుకుని గూడూరులో ఉన్న పుట్టింటికి వెళ్లిపోయింది.

“అమ్ముకునింటే అమ్ముకున్నానని చెప్పు, యాడుస్తాను గానీ ఉంటాను, అబద్ధం చెప్పే మొగోడితో ఉండలేను అనింది సార్,” అన్నాడు మునిరత్నం. “ఆ డాక్టరే ఎత్తినాడని మీరు పేపర్లో రాస్తే అది నమ్ముతాది. పేపర్లో వస్తే నమ్ముతాది సార్.”

అతనికి కావలసింది పరిహారం కాదు, కేసు కాదు. భార్య నమ్మడం. ఆ సంగతి నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కానీ నాకు అప్పుడు కనిపించింది వేరే. మచ్చ ఉంది, రిపోర్టు ఉంది, బాధితుడు ఎదురుగా ఉన్నాడు. నర్సింగ్‌హోమ్‌కు ఫోన్ చేశాను. సర్జన్ మాట్లాడారు. “నేను అపెండిక్సే తీసినాను. కేసు షీటు ఉంది, వచ్చి చూసుకోండి,” అని ఫోన్ పెట్టేశారు. ‘ఫోన్ కట్ చేశారు’ అని రాసుకున్నాను. ఆ నర్సింగ్‌హోమ్ గురించి తెలుసుకుందామని అది ఉన్న ఊళ్లో మరో ముగ్గురికి ఫోన్ చేశాను. ఎందుకు అడుగుతున్నావని ముగ్గురూ అడిగారు. చెప్పాను.

సాయంత్రానికి వార్త సిద్ధం. పంపే ముందు, వైద్యానికి సంబంధించింది కాబట్టి, ఒకసారి మేడమ్‌కు చూపిద్దామని మర్నాడు పొద్దున వెళ్లాను. కాగితం అందుకుని ఆమె శీర్షిక దగ్గరే ఆగిపోయారు. నేను పెట్టింది: ‘అపెండిక్స్ ఆపరేషన్‌కు వెళ్తే కిడ్నీ మాయం?’

“ఈ చివర ఉండేది ఏంది?”

“ప్రశ్నార్థకం మేడమ్.”

“కాదు. కొక్కెం. మాయమైందని నువ్వే అంటావు. రేపు ఎవురన్నా నిలదీస్తే, నేను ఊరికే అడిగినానబ్బా అని దీనికి తగులుకుంటావు. తీసేసి చదువు.”

తీసేసి చదివాను.

“ఇప్పుడు దీని కింద సంతకం పెడతావా?”

పెట్టలేనన్నాను. ఆమె స్కాన్ రిపోర్టు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి భూతద్దంతో చదివారు. చదివి, “మీ పేపర్లో వేస్తారే, కనపడుటలేదు అని ఫోటోతో. ఆ మనిషిని ఎవురో చంపేసినారని అర్థమా?” అని అడిగారు.

“కాదు. ఎక్కడున్నాడో తెలీదని.”

“ఈ రిపోర్టు రాసినాయన చెప్పింది కూడా అంతే. ఉండాల్సిన సోట సూసినా, కనపడలా అన్నాడు. పేగుల్లో గాలి అడ్డమొచ్చినా కనపడదు. కిందెక్కడో ఆగిపోయినా కనపడదు. పుట్టకనే పోయినా కనపడదు. తీసేసినా కనపడదు. నాలుగు దోవలుండాయి. నువ్వు నాలుగోదాన్నే పట్టుకోని పరిగెత్తినావు.”

కిడ్నీ కిందెక్కడో ఆగిపోవడమేమిటో, పుట్టకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆమె లేచి వంటింట్లోకి నడిచారు. చెల్లెలు అప్పుడే రాగి సంగటి గెలికి దించారు. మేడమ్ చేయి తడుపుకుని చిన్న ముద్ద చేసి పళ్లెంలో పెట్టారు. కరివేపాకు రెబ్బ ఒకటి ఆకులు దూసేసి, ఈనె మాత్రం మిగిల్చి చేతిలో పట్టుకున్నారు. “తినేదానితో ఆటలేంది అక్కా” అని చెల్లెలు విసుక్కున్నారు.

ఆ రోజు ఆమె చెప్పింది నా నోట్‌బుక్‌లో నాలుగు పేజీలుంది. సారాంశం ఇది. మనిషికి కిడ్నీలు ఒకసారి రావు, మూడుసార్లు వస్తాయి. మొదటి జత నాలుగో వారంలో మెడ దగ్గర కనపడుతుంది. ఏ పనీ చేయకుండానే కరిగిపోతుంది. దాని కింద రెండో జత వస్తుంది. అది కొన్ని వారాలు పనిచేసి అదీ చాలావరకు కరిగిపోతుంది. కానీ పోతూ పోతూ తన గొట్టాన్ని వదిలిపెట్టి పోతుంది. అయిదో వారంలో ఆ గొట్టం కింది చివరి నుంచి ఒక మొగ్గ పొడుచుకొస్తుంది. దాని పక్కన, నడుము కింది భాగంలో, కణాల ముద్ద ఒకటి ఎదురుచూస్తూ ఉంటుంది. మొగ్గ వెళ్లి ముద్దను తాకాలి.

“తాకితే ఏమవుతుంది?”

“ముద్ద చెప్తుంది, నువ్వు కొమ్మలెయ్యి అని. మొగ్గ కొమ్మలేస్తుంది.” ఈనెను ముద్దలోకి గుచ్చారు. “కొమ్మ చెప్తుంది, నువ్వు వడపోసే గొట్టాలైపో అని. ముద్ద అవుతుంది. ఇదొకటి అంటే అదొకటి అంటుంది. ఇద్దురూ మాట్లాడుకుంటేనే కిడ్నీ. మొగ్గ రాలేదనుకో, ముద్ద ఉత్తగా కరిగిపోతుంది. మొగ్గ వచ్చి ముద్ద పలకలేదనుకో, అంతే. ఆ పక్క కిడ్నీ లేదు. బిడ్డ పుడతాడు, పాలు తాగుతాడు, లారీలు లోడు చేస్తాడు. ఒక్కదాంతోనే నూరేళ్లు బతికినోళ్లుండారు. వాళ్లకు కూడా తెలీదు.”

ఏర్పడిన కిడ్నీ కూడా ఏర్పడిన చోట ఉండదట. నడుము కింది నుంచి పైకి ఎక్కుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ కింది రక్తనాళాలను వదిలేసి పై నాళాలను పట్టుకుంటుంది. తొమ్మిదో వారానికి పక్కటెముకల కిందికి చేరుతుంది. ఒక్కోసారి ఎక్కడం మానేసి కిందే ఆగిపోతుంది. అందుకే కనపడలేదంటే ముందు కింద వెతకాలి.

“సీటీ తీయించు. ఫిల్ము చదివేవాళ్లకు ఈ అపెండిక్సు, చెన్నై, బైకు, పెండ్లాం అని ఏదీ చెప్పొద్దు. కథ చెప్తే వాళ్లకు కథే కనపడుతుంది.”

వార్త ఆపాను. డెస్కులో కొందరికి నచ్చలేదు. మునిరత్నానికి అసలు నచ్చలేదు. “మిమ్మల్ని కూడా కొనేసినారా సార్?” అన్నాడు. పెద్దాసుపత్రిలో సీటీకి పేరు రాయించి వారం తిరిగితే వంతు వచ్చింది. ఫలితంలో రెండు సంగతులున్నాయి. కుడి కిడ్నీ పైన లేదు, కింద లేదు, ఎక్కడా లేదు. రెండోది చివర్లో చిన్నగా ఉంది. కిడ్నీ మీద టోపీలా కూర్చోవాల్సిన అడ్రినల్ గ్రంథి కుడివైపు ఉంది గానీ, సపాటుగా పడుకుని ఉంది.

మేడమ్ ఆ రెండో వాక్యం కింద ఎర్ర గీత గీశారు. “ఇది పుట్టలేదు” అన్నారు.

“లేదా తీసేశారు,” అన్నాను.

“తీసేస్తే టోపీకి వంపు ఉండాల. ఈ గ్రంథి తన సోట తను ముందే తయారవుతా ఉంటుంది. కిడ్నీ కిందినుంచి ఎక్కి వచ్చి దాన్ని తగిలితే టోపీ మాదిరి వంపు తిరుగుతుంది. ఎవురూ రాకపోతే సపాటుగా మిగిలిపోతుంది. పెద్దయినాక కిడ్నీ తీసినా ఆ వంపు పోదు.”

వినడానికి బాగుంది. మరీ బాగుంది. ఇంటికి వచ్చాక నా అనుమానం ఆమె మీదికి తిరిగింది. ఆ సర్జన్ ఎవరి దగ్గర చదివాడో వాకబు చేశాను. ఆమె విద్యార్థే. మామూలు విద్యార్థి కూడా కాదు, ఏటా ఇంటికి వచ్చి కాళ్లకు దండం పెట్టి వెళ్లేవాడు. ఆ విషయం ఆమె నాకు చెప్పలేదు. ఆ తర్వాత వారం రోజులు ఆమె ఇంటి ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకుని వెళ్లాను. పేర్లున్న చోట కాగితం అంటించి, ఫిల్ము తీసుకుని వేలూరు వెళ్లాను. అక్కడ నాకు గానీ మేడమ్‌కు గానీ ఏ సంబంధమూ లేని ఒక రేడియాలజిస్టుకు చూపించి, కథ చెప్పకుండా, ఏముంది అని మాత్రం అడిగాను. ఆయన ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి ఎంతోసేపు చూడలేదు. పుట్టుకతోనే కుడి కిడ్నీ లేదన్నారు. ఎలా చెప్పగలరని అడిగితే, చూపుడు వేలితో ఆ సపాటు గీతను చూపించారు.

తిరిగొచ్చి మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మీద అనుమానంతోనే వేలూరు వెళ్లానని కూడా.

“మంచి పని చేసినావు,” అన్నారు. “నన్ను నమ్మి రాసింటే ఇంక ఈ గేటు తీసుండను. ఆ పిల్లను పిలిపించు. నాకు సెప్పినావు, వేలూరాయనకు సూపించినావు. నమ్మాల్సింది ఆ పిల్ల గదా.”

కోమలను రప్పించడం వేలూరు వెళ్లడం కంటే కష్టమైంది. చివరికి ఒక ఆదివారం పొద్దున గూడూరు నుంచి వచ్చింది. మునిరత్నం, అతని తల్లి పల్లె నుంచి వచ్చారు. మేడమ్ హాల్లో ముగ్గురూ మూడు వైపులా కూర్చున్నారు. కోమల ఫిల్ము వైపు చూడలేదు. మేడమ్ చేతుల వైపే చూస్తోంది. మేడమ్ మొగ్గ, ముద్ద అన్నీ చెప్పారు. టోపీ దగ్గరికి వచ్చేసరికి కోమల అడ్డుపడింది.

“ఉండండి మేడమ్. టోపీ తీసి పక్కన పెడితే అదీ సపాటు అవతాది గదా?”

మేడమ్, గుడ్డ టోపీ కాదు, ఇది వేరే అని ఇంకో రకంగా చెప్పబోయారు. కుదరలేదు.  పుట్టింట్లో కోమలకు అప్పడాలు చేసి అమ్మే పని.

“మేడమ్, తడి అప్పడం గ్లాసు మింద ఏసి ఎండబెడితే వంపు తిరిగి ఎండతాది. ఎండినాక గ్లాసు తీసేసినా ఆ వంపు పోదు. అట్లనా?”

“ఆ! అట్లనే.”

“నేల మింద ఎండితే సపాటుగా ఉంటాది.”

“ఊ.”

“ఈయనది నేల మింద ఎండిందా?”

“నేల మిందే ఎండిందమ్మా. దాని కింద ఎప్పుడూ గ్లాసు లేదు.”

కోమల అప్పుడు ఫిల్ము చేతిలోకి తీసుకుంది. ఆ గీత ఎక్కడుందో చూపించమంది. చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“మరి బండి?”

“మేస్త్రీది. కూలి ఇయ్యలేక పాత బండి ఇచ్చి పంపినాడు. కూలికి బదులు ఈ డొక్కు బండి తెచ్చుకున్నావా అని నువ్వు తిడతావని సెప్పలే.”

“తిట్టుంటాను,” అంది కోమల. “తిడితే అయిపోయుండేది గదా. నోట్లో ఏం పెట్టుకోనుంటివి?”

అయిపోయిందనుకుని నేను నోట్‌బుక్ మూయబోయాను. మూలన కూర్చున్న మునిరత్నం తల్లి ఇప్పుడు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అయితే నేనే,” అంది. “వీడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. మా అత్త కదలొద్దనింది. నేను ఇనలే. కత్తిపీట ముందర కూర్చోని వంకాయలు తరిగినా. నేనే కోసేసినాను సామీ.”

అనుమానం డాక్టరు దగ్గర లేచి, మునిరత్నం మీద వాలి, అక్కడి నుంచి వచ్చి ఈ ముసలామె ఒళ్లో పడింది.  కోమల అత్త వైపు తప్పు పట్టినట్టు చూసిన చూపు నేను చూశాను. మేడమ్ కూడా చూసినట్టున్నారు. లేచి వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. ఓదార్చలేదు. విచారణ మొదలుపెట్టారు.

“ఎన్నో నెల?”

“అయిదో నెల.”

“బాగా గురుతుందా?”

“కడుపు కనపడతా ఉన్నింది. అందుకే గదా మా అత్త తిట్టింది.”

“ఆ కిడ్నీ రావాల్సింది అయిదో నెల్లో కాదు, అయిదో వారంలో. వచ్చేదుంటే నువ్వు వంకాయలు తరిగేటప్పటికి వచ్చి మూడు నెలలై ఉండాల. అయిదో వారమంటే ఏంది? నెల తప్పిందా, ఊరికే ఆలస్యమైందా అని నువ్వు వేళ్లు మడుచుకోని లెక్కేసుకునే రోజులు. నీకే తెలీదు వాడుండాడని. నీకు తెలీకుండా మొగ్గ ఒకటి పోయి ముద్దను తాకాల్సి ఉన్నింది. తాకలా. దాన్ని నువ్వు ఆపలేదు, నువ్వు పంపలేవు. నీ వంకాయల కూరకు దానికి ఏం సంబంధం?”

“మరి ఎవురి తప్పు మేడమ్?”

“ఎవురిదీ కాదు.”

“ఎవురిదీ కాకుండా ఎట్ల పోతాది?”

“పోలేదమ్మా. రాలేదు.”

ఇన్నేళ్ల వృత్తిలో నేను విన్న వాక్యాల్లో ఇంత పొట్టిదీ ఇంత కచ్చితమైనదీ ఇంకోటి లేదు. ఆ ముసలామె దాన్ని పూర్తిగా నమ్మిందని నేను చెప్పలేను. కొంగు మాత్రం ముఖం మీంచి తీసింది. కోమల లేచి చీర సర్దుకుంది. మునిరత్నం భయంభయంగా, “యాడికి?” అన్నాడు.

“గూడూరుకు. పిల్లోళ్లను తెచ్చుకోవద్దా? గుడ్డలు కూడా ఆడ్నే ఉండాయి.”

వాళ్లు వెళ్లాక మేడమ్ చాలాసేపు అప్పడం గురించే మాట్లాడారు. “ఇన్నేళ్లు పాఠం చెప్పినాను, నాకు ఆ మాట తట్టలా చూడు,” అన్నారు. తర్వాత ఎవరికైనా ఆ గ్రంథి గురించి చెప్పాల్సి వస్తే, గూడూరు కోమల చెప్పింది అని పేరు చెప్పి మరీ చెప్పేవారు. కోమల ఏడాదికోసారి వచ్చి అప్పడాల కట్ట ఇచ్చి వెళ్లేది. మేడమ్ దాన్నీ కాటాకు తగిలించి తూచేవారు. కోమల పగలబడి నవ్వేది.

ఇక్కడితో ఆపితే ఇది అందరూ గెలిచిన కథలా ఉంటుంది. కాదు. నేను వార్త రాయలేదు గానీ నలుగురికి ఫోన్ చేశాను. ఆ ఫోన్లే వార్త అయ్యాయి. ‘పేపరోళ్లు అడుగుతున్నారంట’ అన్న మాట ఆ ఊళ్లో తిరిగింది. ఆపరేషన్లకు జనం తగ్గారు. ఏడాదిన్నరకు సర్జన్ ఆ నర్సింగ్‌హోమ్ మూసేసి వేరే చోట ఉద్యోగంలో చేరారు. ఏ పేపరులోనూ ఒక్క అక్షరం రాలేదు కాబట్టి సవరణ వేసే వీలు కూడా లేదు.

ఆ సంగతి ఒకసారి మేడమ్ దగ్గర ఎత్తాను. ఆమె వేరుశనక్కాయలు వలుస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: “నువ్వు స్కాన్ రిపోర్టు తెచ్చిన రోజు సాయంత్రమే నేను వానికి ఫోన్ చేసినా. తీసినావా అని అడిగినా.”

నేను నమ్మలేకపోయాను. “మీ విద్యార్థినా?”

“నా విద్యార్థి అయితే తీయడా? నీకు వాడు తెలీదు, అందుకే అనుమానించినావు. నాకు వాడు తెలుసు, అయినా అడిగినా.  కేసు షీటు పంపిస్తా మేడమ్ అన్నాడు. పొద్దున్నే పంపించినాడు. అంతే. మళ్లా ఈ గేటు తొక్కలా.”

“అడగకుండా ఉండాల్సిందా?”

“అడగాల్సిందే.” రెండు కాయలు వలిచారు. “అడిగితే ఒకటి పోతుందని తెలిసే అడగాల. నువ్వు తెలీకుండా అడుగుతావు. అదీ నీ జబ్బు.”

నేను ఆమె దగ్గర నేర్చుకున్నది పిండశాస్త్రం కాదు. లేదు, కనపడలేదు, తీసేశారు అన్న మూడు మాటల మధ్య దూరం నేర్చుకున్నాను. ఆ తర్వాత నా శీర్షికల్లో ప్రశ్నార్థకాలు తగ్గాయి. నా వల్ల నష్టపోయినవాళ్లు కూడా కొంత తగ్గే ఉంటారని అనుకుంటున్నాను. దానికి నా దగ్గర రుజువు లేదు.

మంగళవారం మధ్యాహ్నం మేడమ్‌ను వసారాలో పడుకోబెట్టారు. కోమల, మునిరత్నం పల్లె నుంచి అదే పాత బైకు మీద వచ్చారు. గేటు బయట చెప్పుల గుంపు పక్కన నిలబడి ఉన్నాం. రోడ్డుకు అవతల ఒక కారు చాలాసేపటి నుంచి ఆగి ఉంది. దాని పక్కన, ఎండలో, నెరిసిన జుట్టు మనిషి ఒకాయన నిలబడి ఉన్నారు. ఆ సర్జనే అని గుర్తుపట్టాను; తర్వాతి రోజుల్లో ఒకటి రెండుసార్లు ఆయన్ను దూరం నుంచి చూసి ఉన్నాను. వెళ్లి పలకరించాల్సింది నేనే. వెళ్లలేదు. మునిరత్నం కూడా గుర్తుపట్టి తల దించుకున్నాడు.

“ఆయనేనా సార్?” అని కోమల నన్ను అడిగింది. అవునన్నాను. ఆమె కొంగు సర్దుకుని రోడ్డు దాటింది.

“లోపలికి రాండి సార్.”

“నన్నెవరూ పిలవలేదమ్మా,” అన్నారాయన.

“సావుకు ఎవురు పిలస్తారు సార్? రాండి.”

ఆయన ఆమె వెనకే వచ్చారు. గేటు దిమ్మె మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకోబోయారు. ఒక ముడి బిగుసుకుపోయింది. జీవితమంతా ముళ్లు వేస్తూ, విప్పుతూ గడిపిన వేళ్లు అవి. ఎంతసేపటికీ రావడం లేదు. కోమల తొందరపెట్టకుండా పక్కనే నిలబడింది. మునిరత్నం తల ఎత్తకుండానే తన చెప్పులను కాలితో పక్కకు జరిపి, ఆ బూట్లకు చోటు చేశాడు.